అల్మరాలో కోపం, కిటికీలో స్పీకర్లు

ఆ ఉదయం ఇల్లాలు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఎనిమిదిన్నరకు భర్త ఫ్యాక్టరీకి వెళతాడు. తొమ్మిదికి అత్తగారు ఎదుటి టైలరమ్మ కొట్లో కూర్చోవడానికి వెళతారు. పదికల్లా కొత్త స్పీకర్లు రెండూ బిగించడం, పదకొండుకల్లా అధ్యాయం చదివి రికార్డు చేయడం, దాన్ని స్పీకర్లలో విని తప్పులు దిద్దడం, పన్నెండు కొట్టేలోపు పంపేయడం. మధ్యలో కూర తరుక్కోవడానికి పావుగంట కూడా మిగిలింది. ఇంత చక్కటి పథకాన్ని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. ఆమెకు రాలేదు.

వినే పుస్తకాలు తయారుచేసే సంస్థ ఒకటి ముప్ఫై ఒక్క అధ్యాయాల నవలను చదవడానికి గొంతు వెతుకుతోంది. ఆమె ఇప్పటికి రెండు నమూనాలు పంపింది. రెండూ తిరిగొచ్చాయి. అక్కడ గొంతులు ఎంపిక చేసే మేడం మనసులో మాట దాచుకునే మనిషి కాదు. "నాయిక ఇల్లు వదిలి వెళ్లిపోతోందండీ. మీరేమో రైలు అరగంట ఆలస్యంగా నడుస్తోందని చెప్పినట్టు చదివారు. పైగా గొంతు కింద ఏదో జుమ్మని మోత. కంప్యూటర్లో వింటే తెలియదు. స్టూడియో మానిటర్ స్పీకర్లు పెట్టుకుని వినండి. అవి మొహమాటపడవు. వచ్చే సోమవారం పన్నెండులోపు మూడోది రాకపోతే వేరే ఆవిణ్ణి తీసుకుంటాం." ఆ సోమవారం ఇదే.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె గొంతు కావాలన్నవాళ్లు వీళ్లే మొదలు. మిగతా అందరికీ ఆమె చెవులు చాలు.

భర్త ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. వీధిలో అందరూ ఆయన్ని, ఆయన వినకుండా, జాగ్రత్తగారు అంటారు. ఇంట్లో ఆయన స్టిక్కరు అంటించని వస్తువు లేదు. ఫ్రిజ్ మీద 'తలుపు నెమ్మదిగా వేయవలెను.' స్నానాల గది గుమ్మం మీద 'ముందు కుడికాలు ఆనించి నిలకడ చూసుకొనవలెను.' స్పీకర్ల పెట్టె మీద రాత్రే వెలిసింది: 'నేను వచ్చి చూసేవరకు తెరవరాదు.'

"సాయంత్రం నేనొచ్చి బిగిస్తానన్నానుగా," అన్నాడాయన బూట్లు తొడుక్కుంటూ.

"పన్నెండుకి పంపాలండీ."

"రేపు పంపుతానని చెప్పు ఆ మేడంకి. కరెంటుతో వ్యవహారం. నీకేం తెలుసని?"

"ఎలా బిగించాలో దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసుంది."

"పుస్తకం చదివి బిగించినవాళ్లే మా ఫ్యాక్టరీలో వేళ్లు పోగొట్టుకున్నారు."

"మరి చదవకుండా బిగించినవాళ్లో?"

జాగ్రత్తగారు బూటు లేసులకు రెండేసి ముళ్లు వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగిన చప్పుడు వినబడగానే ఇల్లాలు ఆ స్టిక్కరును చిరగకుండా ఊడదీసి, ఆయన గడ్డం గీసుకునే అద్దం మీద అంటించింది. తర్వాత పెట్టె తెరిచింది.

ఆమె స్టూడియో ఒక అల్మరా. చిన్నగదిలో గోడకున్న పెద్ద బట్టల అల్మరాలో, బొంతలకీ కోట్లకీ నడుమ స్టూలు వేసుకుని, తలుపు మూసుకుని చదువుతుంది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. మైకు అక్కడే, కంప్యూటరూ అక్కడే, రెంటికీ మధ్య ఇటుకంత ఇంటర్‌ఫేస్ పెట్టె. మైకులోంచి వచ్చిన గొంతు దాని ముందువైపు దూరి కంప్యూటర్లోకి వెళుతుంది. వెనకవైపు స్పీకర్లకు రెండు బెజ్జాలు, ఎడమదొకటి, కుడిదొకటి.

అల్మరాలో స్పీకర్లకు చోటు లేదు. చిన్నగది బల్ల నిండా భర్తగారి ఫైళ్లు. ఇక మిగిలింది ముందుగది కిటికీ అరుగు. వెడల్పుగా, కుర్చీలో కూర్చుంటే సరిగ్గా చెవుల ఎత్తున ఉంటుంది. అంత దూరం కేబుళ్లు అందుతాయా అన్న చింత లేదు. కొలత తీసుకున్నది జాగ్రత్తగారు. అవసరానికి మూడింతలు తెచ్చాడు.

ఆమె పుస్తకం చెప్పినట్టే చేసింది. ఎడమది ఎడమకు, కుడిది కుడికి. మోత రాకుండా రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో. 'స్పీకర్లు ఆన్ చేసే ముందు ఇంటర్‌ఫేస్ మీది పెద్ద మీటను సున్నాకు తిప్పండి' అని రాసి ఉంటే తిప్పింది. 'ఆ తర్వాత నెమ్మదిగా పెంచండి' అన్న వాక్యం తర్వాతి పేజీలో ఉంది.

పాత నమూనాను పెట్టి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. నిశ్శబ్దం. స్పీకర్ల వెనకున్న మీటలు రెంటినీ చివరిదాకా తిప్పింది. నిశ్శబ్దం ఇంకా చిక్కబడింది. కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చింది. గడియారం పదీ నలభై చూపించింది.

"మీ దగ్గర మొహమాటం లేదన్నారు, మాటే లేదు," అని వాటిని కసిరి, పోనీ హెడ్‌ఫోన్‌తోనే కానిద్దామని వెళ్లి అల్మరాలో కూర్చుని తలుపు మూసుకుంది. స్పీకర్లను ఆపాలని తోచలేదు. పలకని వాటిని ఆపడం ఏమిటి?

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అందులోనూ ఏమీ లేదు. అప్పుడు కనిపించింది సున్నా దగ్గర నిద్రపోతున్న పెద్ద మీట. దాన్ని బాగా తిప్పింది. తన గొంతు తనకు వెంటనే వినిపించే బొత్తామూ నొక్కింది. గొంతు గంటలా మోగింది. అయితే ఆ ఇటుకకు పక్షపాతం లేదు. హెడ్‌ఫోన్‌కు ఎంత ఇస్తే స్పీకర్లకూ అంతే ఇస్తుంది. మూడు తలుపుల అవతల ఉన్న అల్మరాలో, చెవులు మూసుకుని కూర్చున్న ఆమెకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

సరిగ్గా అంతకు ముందు నిమిషంలోనే అత్తగారు కళ్లజోడు మర్చిపోయి వెనక్కి వచ్చారు. కిటికీ అరుగు మీద రెండు నల్ల పెట్టెలు గుండ్రటి నోళ్లు తెరుచుకుని తన కుర్చీనే చూస్తున్నాయి. ఆవిడకు అది మర్యాదగా అనిపించలేదు. రెంటినీ వీధివైపు తిప్పి, గాలాడుతుందని కిటికీ రెక్కలు బార్లా తెరిచి, కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయారు. ఆవిడ టైలరమ్మ కొట్లోకి అడుగుపెడుతుండగా మొదటి అంతస్తులోంచి కోడలి గొంతు వీధి మీద పడింది.

"ఇన్నేళ్లు మీ మాట విన్నాను. ఇవాళ ఒక్క పూట నా మాట మీరు వినండి. నేను వెళ్లిపోతున్నాను. ఈ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది మీ అమ్మగారొక్కరే. ఆవిడకు చెప్పే వెళతాను. మీకు చెప్పాల్సిన అవసరం లేదు."

టైలరమ్మ కుట్టుమిషను ఆగింది. అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మీ కోడలేనా పెద్దమ్మగారూ?"

"దాని గొంతే. ఇంత గొంతుందని నాకిప్పుడే తెలిసింది."

పైనుంచి ఒక నిట్టూర్పు దిగింది. "ఛీ, ఇదీ ఒక కోపమేనా? గొడుగు అరువడిగినట్టుంది. ఇలా చెబితే ఎవరు నమ్ముతారు? పన్నెండులోపు తేలిపోవాలి. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ కాదు."

"పన్నెండుకట!" అంది టైలరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని. "మొగుడు రాగానే ఏమనాలో సాధన చేసుకుంటోంది, పాపం. ఆ గ్రైండరు గొడవతో మనసు విరిగుంటుంది. మనమంతా ఎన్ని మాటలన్నాం!"

గ్రైండరు గొడవ అందరికీ తెలిసిందే. పోయిన ఏడాది ఆ భవనానికీ, అక్కడినుంచే తీగ లాక్కున్న ఎదుటి కొట్టుకీ రెండు రోజులు కరెంటు లేకుండా పోయింది. మెయిన్ బోర్డు కాలినప్పుడు తిరుగుతున్నది ఇల్లాలి గ్రైండరు. టైలరమ్మకు నలభై జతల స్కూలు యూనిఫారాలు ఆగిపోయాయి. మూడో అంతస్తులో ఉండే ఇన్సూరెన్సు ఏజెంటు గంటన్నర లిఫ్టులో నిలబడ్డాడు. అప్పటినుంచి గ్రైండరు వేసేముందు ఆమె కిందా పైనా అందరికీ చెప్పి వేయాలని భవనంవాళ్లు తీర్మానం రాసి సంతకం పెట్టించారు.

ఆ ఏజెంటే ఇప్పుడు సంచీతో బయటికి వస్తూ వీధి మధ్యలో ఆగిపోయాడు. పైనుంచి అవే మాటలు రెండోసారి కోపంగా వచ్చాయి. మూడోసారి ఏడుస్తూ వచ్చాయి. నాలుగోసారి మొదలయ్యేసరికి కొట్టు ముందు పదిహేనుమంది నిలబడ్డారు.

"ఏడుపు వద్దమ్మా, కోపమే బాగుంది!" అని టైలరమ్మ పైకి చూసి కేకేసింది. అల్మరా వినలేదు.

"ఏంటి పెద్దమ్మగారూ, ఆపరేం? మీ కోడలు వెళ్లిపోతానంటుంటే!" అన్నాడు ఏజెంటు.

"ఉండవయ్యా, ఇప్పుడు నా మాట వస్తుంది." అత్తగారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. ఈ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది మీ అమ్మగారొక్కరే అని వీధంతా నాలుగోసారి విన్నది. ఆవిడ నాలుగోసారి అందరి ముఖాలూ వరసగా చూశారు. "విన్నారుగా? ఇంట్లో ఒక్కనాడూ అనలేదు నాతో. మనసులో పెట్టుకుంది." గబుక్కున లేచారు. "అది ఒక్కతే ఎందుకెళ్లాలి? నేనూ పెట్టె సర్దుకుంటా."

"మీరెక్కడికండీ?"

"అదెక్కడికెళ్తే అక్కడికి. నేనూ నలభై ఏళ్లు విన్నాను, ముందు వీడి నాన్న మాట, తర్వాత వీడి మాట."

అత్తగారు మెట్లెక్కుతుంటే ఏజెంటు పక్కకు వెళ్లి జాగ్రత్తగారికి ఫోన్ చేశాడు. "సార్, మీరేం కంగారుపడొద్దు. వెంటనే బయల్దేరండి. మేడం ఇల్లు వదిలి వెళ్తున్నారు. ఇప్పటికి నాలుగుసార్లు."

"నాలుగుసార్లు వెళ్లిందా?"

"చెప్పారు సార్. వెళ్లడం పన్నెండుకి. ఇంకోటి... మీ అమ్మగారు కూడా."

జాగ్రత్తగారు జీవితంలో మొదటిసారి వేగపరిమితి దాటి వచ్చాడు. నెత్తిమీద ఫ్యాక్టరీ పసుపు హెల్మెట్ అలాగే ఉంది. వీధిలో పదిహేనుమందీ దారిచ్చారు. ఎవరూ పలకరించలేదు. తలొంచుకుని వచ్చాడు కాబట్టి కిటికీ వైపు చూడలేదు. ఆ కాస్తసేపూ ఆమె కాగితాలు తిరగేసుకుంటోంది కాబట్టి స్పీకర్లూ పలకలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఇంట్లో అడుగుపెడితే ఎవరూ లేరు. తల్లిగారు తన గదిలో తలుపేసుకుని పెట్టె సర్దుకుంటున్నారు. చిన్నగదిలోకి వెళ్లేసరికి అల్మరాలోంచి మాత్రం సన్నగా వినబడింది, "నేను వెళ్లిపోతున్నాను."

తలుపు లాగాడు. బొంతల మధ్య, హెడ్‌ఫోన్‌తో, చేతిలో కాగితాలతో భార్య.

"మీరేంటి ఈ వేళప్పుడు? ఇదిగో చూడండి, స్టిక్కరు తీశాను నిజమే, కానీ..."

"ఏం మాట్లాడకు. ముందు నన్ను చెప్పనీ." మైకుకు జానెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. రొప్పుతున్నాడు. "స్టిక్కర్లన్నీ తీసేస్తాను. ఫ్రిజ్ మీదవి, స్టవ్ మీదవి, నీ దిండు మీదది కూడా. అమ్మని తీసుకుని వెళ్లకు."

హెడ్‌ఫోన్‌లో ఆయన ఊపిరి సుడిగాలిలా వినిపించింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మాట్లాడకుండా ఉంటే ఎదుటివాళ్లు ఎక్కువ చెబుతారని పద్దెనిమిదేళ్లలో నేర్చుకుంది కాబట్టి ఊరికే చూసింది.

ఆ చూపును ఆయన ఇంకోలా చదువుకున్నాడు. "తెలుసు. నాకు తెలుసు నీ మనసులో ఏముందో. ఆ గ్రైండరు." హెల్మెట్ పట్టీ సవరించుకున్నాడు. "బోర్డు కాలింది నీ గ్రైండరు వల్ల కాదు. ముందురోజు నేనే మెయిన్ బోర్డులో అదనంగా ఒక రక్షణ పరికరం పెట్టాను. ఎవరికీ చెప్పకుండా. అదే అంటుకుంది. అప్పుడు నీ గ్రైండరు తిరుగుతోంది. అందరూ నిన్నే అన్నారు. నేను... ఊరుకున్నాను."

వీధిలోంచి ఒక అరుపు గోడలు దాటి లోపలికొచ్చింది. "గంటన్నర సార్! లిఫ్టులో గంటన్నర!"

వెనకే ఆడగొంతు: "నా నలభై యూనిఫారాలు!"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె హెడ్‌ఫోన్ తీసి ముందుగదికి నడిచింది. ఆయన వెనకే వచ్చాడు. స్పీకర్లు రెండూ వీధిని చూస్తున్నాయి. వీధి మొత్తం స్పీకర్లను చూస్తోంది. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్లిందో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఆయనకు మొదట అర్థమైంది పదిహేనుమంది.

"ప్లగ్గు పీకేయ్," అన్నాడు గుసగుసగా, చెయ్యి చాస్తూ.

"ముట్టుకోకండి."

ఆ ఒక్క మాట మైకు లేకుండానే వీధికి వినిపించింది. గడియారంలో పన్నెండుకు పద్నాలుగు నిమిషాలుంది. ఆమె కిటికీలోంచి వంగింది.

"నేనెక్కడికీ వెళ్లడం లేదండీ. ఇది పుస్తకంలోది. చదివి పన్నెండులోపు పంపాలి."

వీధి కొంచెం నిరుత్సాహపడింది. ఏజెంటు మాత్రం వదల్లేదు. "ఆ గ్రైండరు కూడా పుస్తకంలోదేనా మేడం?"

జాగ్రత్తగారు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో పద్దెనిమిదేళ్ల సంసారమూ, ఒక ఉద్యోగమూ, ఒక పసుపు హెల్మెట్టూ చేతులు జోడించి నిలబడ్డాయి. అవునని ఒక్క మాట అంటే చాలు. ఇలాంటి చోట్ల ఆమె ఎప్పుడూ అవుననే అంటూ వచ్చింది.

"కాదు," అంది ఇల్లాలు. "అది మావారి సొంతం." ఊపిరి పీల్చుకుని, "టైలరమ్మగారూ, నిజం చెప్పండి. గొంతు కింద ఏమైనా మోత వినబడిందా?"

"మొదట్నుంచీ జుమ్మంటూనే ఉందమ్మా. మోటారు మోత నాకు తెలీదా? గదిలో ఫ్యానేదో తిరుగుతోంది. ఆపండి."

చిన్నగదిలో గాలి శుద్ధిగా ఉండాలని జాగ్రత్తగారు బిగించిన ఫ్యాక్టరీ ఫ్యాను అది. ఏడాదిగా తిరుగుతోంది. ఆమె వెళ్లి ఆపి వచ్చింది.

"ఎలా చదవమంటారు?"

"రెండోదానిలా!" అన్నారు సగంమంది. "అరవకమ్మా, ఇందాక 'ముట్టుకోకండి' అన్నావే, అలా!" అంది టైలరమ్మ.

ఇల్లాలు వెనక్కి తిరిగింది. భర్త తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. "కనీసం స్పీకర్లన్నా ఆపు. నా పరువేమవుతుంది?"

"ఏడాదిపాటు కిందా పైనా తలుపులు కొట్టి, గ్రైండరు వేసుకోవచ్చా అని అడుక్కున్నాను. అప్పుడు నా పరువు ఎక్కడుందో అక్కడికే వెళ్లి చూసుకోండి. జరగండి, పది నిమిషాలే ఉంది."

జరిగాడు. ఆమె అల్మరాలోకి వెళ్లింది. తలుపు వేసుకుంది. పెద్ద మీట మీద చెయ్యి వేసి, తగ్గించలేదు. ఇంకో గీత పెంచింది.

ఈసారి ఆమె అరవలేదు, ఏడవలేదు. ఒక్కో మాటా బల్ల మీద గిన్నె పెట్టినట్టు పెట్టింది. ఇన్నేళ్లు మీ మాట విన్నాను అన్నచోట వీధిలో ఇద్దరు ఆడవాళ్లు తమ ఇళ్లవైపు చూసుకున్నారు. మీకు చెప్పాల్సిన అవసరం లేదు అన్నచోట ముందుగదిలో నిలబడ్డ జాగ్రత్తగారు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. అధ్యాయం ఒక్క ఊపున అయిపోయింది. మళ్లీ చదవాల్సిన పని లేకపోయింది. పదకొండూ యాభై తొమ్మిదికి ఫైలు వెళ్లింది.

ఆమె అల్మరాలోంచి బయటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో పెట్టెతో నిలబడి ఉన్నారు.

"పద అమ్మాయ్. ఆలస్యమైంది."

"ఎక్కడికత్తయ్యా?"

విషయమంతా విన్నాక అత్తగారు పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నారు. తర్వాత మెల్లిగా, "ఆ మనిషిగా చూసింది మీ అమ్మగారొక్కరే అన్నమాట... అదీ పుస్తకంలోదేనా?"

"మాట పుస్తకంలోదే. కానీ ఆ మాట వచ్చినప్పుడల్లా మిమ్మల్నే తల్చుకుని చదివాను." అది ఎంతవరకు నిజమో బొంతలకే తెలియాలి.

అత్తగారు తలూపారు. పెట్టె మాత్రం కింద పెట్టలేదు. "సరే, నువ్వుండు. నేను వెళ్తాను. సర్దిన పెట్టె మళ్లీ విప్పడం నా వల్ల కాదు. చెల్లెలింటికి వెళ్లి చానాళ్లైంది. ఏరా, ఆటో పిలు."

"ఎప్పుడొస్తావమ్మా?"

"ఆ పుస్తకంలో పిల్ల వెళ్లిపోయింది కదా, తిరిగొస్తుందా?"

"ముప్ఫై ఒకటో అధ్యాయంలో వస్తుంది," అంది కోడలు.

"అది వచ్చినప్పుడు చెప్పు. నేనూ వస్తాను." ఆటో ఎక్కుతూ వీధికంతా చెయ్యి ఊపారు. వీధి కూడా ఊపింది.

సాయంత్రం మేడం ఫోన్ చేసింది. "ఇదండీ గొంతంటే! మొత్తం పుస్తకం మీరే చదవండి. మోత కూడా పోయింది. మంచి సౌండ్ ఇంజనీరుకి వినిపించినట్టున్నారే?"

"పదిహేనుమందికండీ," అంది ఇల్లాలు.

భవనంవాళ్లు పాత తీర్మానం చింపేసి కొత్తది రాశారు. జాగ్రత్తగారు మెయిన్ బోర్డుకు ఆరడుగుల దూరంలో ఉండాలన్నది దాని సారాంశం. ఆయన సంతకం పెట్టాడు. వంటిల్లు కూడా ఇప్పుడు ఒకపూట ఆయనదే. భార్యకు రికార్డింగు ఉంటుంది, తల్లి ఊళ్లో లేరు. రోజూ ఉదయం ఫ్యాక్టరీకి వెళ్లేముందు ముప్ఫై ఒకటో అధ్యాయం కాగితాలను అన్నిటికన్నా పైన పెట్టి, అల్మరాలో స్టూలు తుడిచి వెళుతున్నాడు.

ఆమె మాత్రం మొదటినుంచి వరసగా చదువుతోంది. పుస్తకంలో నాయికకి ఇంకా పెళ్లే కాలేదు.